సిక్కోలు నేల మీద పౌరాణిక సాహస కథ: సాధనకి లెక్క, సిద్ధికి ఖరీదు

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతలో ముందు కుదించి చెప్పుకుంటాను. శ్రీకాకుళంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు మీ కథానాయకుడు. వాడు మహేంద్రగిరి ఎక్కుతాడు, పరశురాముడు కనబడి అష్టసిద్ధులు ప్రసాదిస్తాడు. కాలాసురుడనే రాక్షసుడు అమృతం కోసం వెతుకుతున్నాడు, వాణ్ణి ఆపాలి. ఆరు అధ్యాయాలు రాశారు. చదివిన స్నేహితులు డబ్బింగ్ సినిమాలా ఉందన్నారు. ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయారు. ఎగరగలిగినవాడికి, మాయమైపోగలిగినవాడికి, కొండంత పెరగగలిగినవాడికి ఇక అడ్డేముంది? దీనికి తోడు మంత్రం, సాధన గురించి తప్పు రాస్తే పెద్దవాళ్ళు తిడతారేమోనని టెన్షన్.

నేను విజయనగరం వాణ్ణి. ఒకప్పుడు వారపత్రికలకి జానపద సీరియళ్ళు రాసేవాణ్ణి, ఇప్పుడు కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు చూసిపెడుతుంటాను. జపం, పురశ్చరణ లాంటి మాటలు మా ఇంట్లో రోజూ వినబడేవి. ఆ రెండు అనుభవాలతోనూ చెబుతున్నాను.

మీరు రెండు సమస్యలనుకుంటున్నవి నిజానికి ఒకటే. సాధన ఎలా సాగిందో రాయలేదు కాబట్టి సిద్ధి ఊరికే వచ్చి పడింది. ఊరికే వచ్చిన సిద్ధితో కథ ముందుకి నడవదు. మన పురాణాలు ఈ విషయంలో చాలా గట్టివి. పుట్టుకతోనే బలవంతుడైన హనుమంతుడికి కూడా ఋషుల శాపం ఉంది, ఎవరైనా గుర్తుచేస్తే తప్ప తన బలం తనకే తెలియదు. జాంబవంతుడు నోరు విప్పేదాకా సముద్రం ఒడ్డున ఊరుకునే కూర్చున్నాడు. ఆయనకే అంత కళ్ళెం ఉంటే, మీ కుర్రాడికి ఎనిమిది సిద్ధులూ ఒకే పేరాలో ఎలా ఇచ్చేశారు?

అణిమ, మహిమ, గరిమ, లఘిమ, ప్రాప్తి, ప్రాకామ్యం, ఈశిత్వం, వశిత్వం అని వరస తప్పకుండా రాశారు, బాగుంది. అవి ఎలా వస్తాయన్నది మాత్రం రాయలేదు. పతంజలి యోగసూత్రాల్లో చివరి భాగమైన కైవల్యపాదం మొదలయ్యేదే ఆ జవాబుతో. పుట్టుకతో, ఓషధితో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో సిద్ధులు కలుగుతాయని ఒకే సూత్రంలో ఐదు దారులు చెప్పేశాడు. ఫాంటసీ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మీ కథలో ఇప్పటికే ఐదుగురున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో దారి ఇవ్వండి. కాలాసురుడిది తపస్సు. సీతంపేట కొండల్లో కనబడే సవర తాతది ఓషధి. కుర్రాడిది మంత్రం, ఎందుకంటే మంత్రం ఒకరి దగ్గర తీసుకోవాలి, లెక్కపెట్టుకోవాలి, మధ్యలో చెడిపోవచ్చు. కథకి పనికొచ్చే గుణాలన్నీ దానికే ఉన్నాయి. మూడో అధ్యాయంలో కాఫీ ఇచ్చి వెళ్ళిపోయిన చెల్లెలు ఉంది చూడండి, పుట్టుకతో వచ్చినదేదో ఆ పిల్లకి పెట్టండి. సమాధి గురువుగారిది. ఆయన దాన్ని ఎక్కడా వాడడు.

ఎందుకు వాడడంటే, ఆ పతంజలే దానికి ముందు భాగమైన విభూతిపాదంలో సిద్ధులన్నీ వర్ణిస్తూ మధ్యలో ఒక హెచ్చరిక పెట్టాడు. బయటి ప్రపంచంలో ఉన్నవాడికి ఇవి సిద్ధులు, సమాధి కోరేవాడికి ఇవే అడ్డంకులు. మీ కథకి వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం. కుర్రాడు శక్తి వాడిన ప్రతిసారీ శత్రువు ఒక అడుగు వెనక్కి పోతాడు, కుర్రాడు మాత్రం తన సాధనలో రెండు అడుగులు వెనక్కి పోతాడు. అప్పుడు పాఠకుడు 'వాడు ఎగరాలి' అనుకోడు, 'ఇప్పుడు ఎగరకుండా ఉంటే బాగుణ్ణు' అనుకుంటాడు. ఆ ఉత్కంఠ చాలాదూరం లాక్కెళుతుంది.

గురువు పాత్రకి నమూనా కావాలంటే హిమాలయాల దాకా వెళ్ళక్కర్లేదు. కాశీలో 1887లో దేహం చాలించిన త్రైలింగ స్వామి మా విజయనగరం జిల్లా కుమిలి ప్రాంతంలో పుట్టినవాడే. రామకృష్ణ పరమహంస వెళ్ళి దర్శించుకున్న మహాయోగి. గంగ నీళ్ళ మీద కూర్చునేవాడని, జైల్లో పెట్టి తాళం వేస్తే కప్పు మీద తిరుగుతూ కనబడ్డాడని ఆయన గురించి కథలు కథలుగా చెబుతారు. ఆ కథల పక్కనే ఇంకో సంగతి కూడా చెబుతారు, మీకు పనికొచ్చేది అది. తల్లి పోయాక ఆవిడ చితిభూమి దగ్గరే ఏళ్ళ తరబడి ఒంటరిగా సాధన చేశాడట. మహిమలకి ఒక్కో వాక్యం సరిపోతుంది, చితిభూమి దగ్గర గడిపిన ఏళ్ళకి ఒక అధ్యాయం పడుతుంది. మీ ఆరు అధ్యాయాల్లో లెక్క తిరగబడి ఉంది.

ఇక మంత్రసాధన. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కథకి కావలసిన గడియారం ఇందులోనే ఉంది. మంత్రానికి ఋషి, ఛందస్సు, దేవత, బీజం, శక్తి, కీలకం అని అంగాలుంటాయి. కీలకం అంటే బిగించి ఉంచినది, దాన్ని విప్పితేగాని మంత్రం పని చేయదు. గురువు చెప్పిన మంత్రాన్ని సిద్ధింపజేసుకునే పద్ధతి పురశ్చరణ. అక్షరానికి లక్ష చొప్పున జపం, అందులో పదోవంతు హోమం, దానిలో పదోవంతు తర్పణం, ఆ పైన మార్జనం అంటే మంత్రం చెబుతూ నీళ్ళు చల్లుకోవడం, చివర అన్నం పెట్టడం, ఇవీ పదోవంతు చొప్పునే. ఆరక్షరాల మంత్రం తీసుకోండి. జపం 6,00,000, హోమం 60,000, తర్పణం 6,000, మార్జనం 600, భోజనాలు 60 మందికి. రోజుకి 6,000 చేస్తే జపం ఒక్కటే వంద రోజులు. మాలకి 108 పూసలున్నా చాలామంది నూరే లెక్కకి తీసుకుంటారు, మిగతా ఎనిమిది పొరపాట్ల కింద వదిలేస్తారు. అంటే రోజుకి అరవై మాలలు, మాలకి మూడు నిమిషాలైనా మూడు గంటలు.

మూడు గంటలేగా అనిపిస్తుంది. నియమాలు చూడండి. మొదటి రోజు ఎంత చేశాడో రోజూ అంతే, ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేల మీద పడుకోవాలి. బ్రహ్మచర్యం, మితాహారం, వీలైనంత మౌనం. మాల వస్త్రం చాటున తిరగాలి, మాల కొసన ఉండే మేరుపూస దాటకూడదు. మీ కుర్రాడిది సముద్రం పక్క ఊరు, వాళ్ళమ్మ చేసే ఎండుచేపల పులుసు వాసన వీధి చివరికి వస్తుంది. నానమ్మకేమో మౌనం సంగతి తెలియదు. "ఏట్రా గుంటడా, పలకవేటి? నోట్లో ఏటెట్టుకున్నావు?" అని గుమ్మంలో నిలబడి అడుగుతుంది. షాపు యజమాని ఫోన్ చేసి తిడుతుంటాడు, వీడు ఎత్తడు. ఇవన్నీ నవ్వు పుట్టించే సన్నివేశాలు. నలభయ్యో రోజు తర్వాత అవే సన్నివేశాలు భయపెడతాయి, ఎందుకంటే ఒక్క రోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. కాలాసురుడు కత్తి ఎత్తక్కర్లేదు, వీడి చేత ఒక్క రోజు తప్పించగలిగితే చాలు.

ఇక్కడ మీకు ఒక చిక్కు వస్తుంది, అది చిక్కు కాదు, వరం. పురశ్చరణ చేసేవాడు చోటు కదలకూడదు. సాహస కథలో నాయకుడు ఊళ్ళు తిరగాలి. ఏం చేస్తారు? కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. తిరిగేది చెల్లెలు. ఒక అధ్యాయం కదలనివాడిది, ఒక అధ్యాయం ఆగనిదానిది. వాడు ఓర్చుకోవాలి, ఆమె తెగించాలి. ఆమెకి ఏ మంత్రమూ తెలియదు, బస్సు టైమింగులు తెలుసు. నాకైతే ఈ కథలో అసలు నాయిక ఆమే అనిపిస్తోంది, కానీ అది మీ ఇష్టం.

ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మన నదే చెబుతుంది. నదీతీరం, సంగమం, పర్వతం, దేవాలయం సాధనకి మంచి చోట్లని శాస్త్రం. నాగావళి గురించి మనవైపు చెప్పే కథ మీకు తెలిసే ఉంటుంది. కరువుతో అల్లాడుతున్న జనం కోసం బలరాముడు నాగలితో నేల చీల్చి నదిని తీసుకొచ్చాడు, ఒడ్డున ఐదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడు. ఎగువ నుంచి వస్తే ఒడిశాలో రాయగడ దగ్గర పాయకపాడు, ఆ తర్వాత ఝంఝావతి కలిసే గుంప, సువర్ణముఖి, వేగావతి వచ్చి కలిసే సంగాం, శ్రీకాకుళం పట్టణంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, చివర సముద్రం పక్కన కళ్ళేపల్లి మణినాగేశ్వరుడు. సరిగ్గా నడుమ ఉన్నది సంగాం, మూడు నదులు కలిసేచోటు. కుర్రాడు అక్కడ కూర్చుంటాడు. ఎగువన రెండు, దిగువన రెండు, నాలుగు చోట్లకీ చెల్లెలు వెళ్ళాలి. మీరు ఆరు అధ్యాయాలు రాసినా ఒక్క నది పేరు కూడా రాలేదు. డబ్బింగ్ సినిమాలా ఉందని అనిపించడానికి సగం కారణం ఇదే. మీ అడవి ఏ దేశంలోనైనా ఉండొచ్చు, మీ నది ఏ భాషలోనైనా పారొచ్చు.

2022లో జిల్లాలు మారాక ఈ ఐదూ నాలుగు జిల్లాల్లో పడ్డాయి: రాయగడ, పార్వతీపురం మన్యం, విజయనగరం, శ్రీకాకుళం. చెల్లెలు సరిహద్దు దాటుతుంది, భాష మారుతుంది, ఒడియా రాదు. ఆ ఇబ్బంది వదలకండి, రాక్షసుడు లేకపోయినా అధ్యాయం నడుస్తుంది.

కోటేశ్వరుడి గుడి దగ్గర ఇంకో కథ ఉంది. లింగప్రతిష్ఠ అయ్యాక దేవతలంతా దర్శనానికి వచ్చారు, ఇంద్రుడు ఆలస్యంగా వచ్చాడు. వేళ కాదని నంది ఆపాడు. నేనెవరో తెలుసా అన్నట్టు లోపలికి తోసుకువెళ్ళబోతే నంది విసిరికొట్టాడు. దెబ్బతిని పడినచోట సూర్యుణ్ణి ప్రార్థించి, వజ్రాయుధంతో తవ్వితే సూర్యవిగ్రహం దొరికింది, అదే అరసవల్లి. తవ్విన గుంట ఇంద్రపుష్కరిణి. చరిత్ర వైపు నుంచి అరసవల్లి గుడి తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించినదంటారు. కథే మనకి ముఖ్యం ఇక్కడ. దేవతల రాజు, చేతిలో వజ్రాయుధం ఉంది, అయినా వేళ తప్పితే గుమ్మం దాటలేదు. శక్తి కంటే నియమం పెద్దదని మీ ఊళ్ళోనే స్థలపురాణం చెబుతుంటే మీరు పైనుంచి మెరుపులు కురిపించారు.

అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. మబ్బు పడితే లేదు. కాలాసురుడికి కావలసినది ఆ కొద్ది నిమిషాల్లోనే దొరికేలా పెట్టండి. ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. కుర్రాడు జూన్ 23న జపం మొదలుపెడితే సెప్టెంబర్ 30తో వంద రోజులు నిండుతాయి. మర్నాడే కిరణాలు. జపం అయింది, హోమం కాలేదు, పురశ్చరణ పూర్తవలేదు. సగం సిద్ధించిన మంత్రంతో వాడు అరసవల్లి వెళ్ళాలా, హోమగుండం ముందు కూర్చోవాలా? ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయానన్నారు కదా, మీ పుస్తకం చివర కూడా ఇక్కడే తేలుతుంది. పైగా జూన్ నుంచి సెప్టెంబర్ అంటే వానాకాలం. ఒడిశా కొండల్లో వాన పడితే సంగాంలో ఎండ కాస్తుండగానే నాగావళి పొంగుతుంది. ఎగువన తోటపల్లి బ్యారేజీ గేట్లెత్తారని ఫోన్లో మెసేజ్ వస్తుంది, కూర్చున్నవాడు లేవకూడదు. అక్కడ మాయలేం అక్కర్లేదు.

పరశురాముడి సంగతికి వద్దాం. మహేంద్రగిరి ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు, మన మందస వైపు నుంచి చూస్తే ఆ కొండల వరస కనబడుతుంది. చిరంజీవి పరశురాముడు అక్కడ ఉన్నాడని నమ్మకం, శిఖరం మీద కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత గుళ్ళున్నాయి. మీరు దాన్ని శ్రీకాకుళం జిల్లాలో పెట్టారు, సరిచేయండి. భారతంలో ఆ కొండకి ఇద్దరు విద్యార్థులు వెళతారు. ద్రోణుడు వెళ్ళేసరికి పరశురాముడు ఉన్నదంతా దానం చేసేసి ఉన్నాడు, మిగిలినవి శరీరం, అస్త్రాలు, ఏది కావాలో కోరుకోమన్నాడు. ద్రోణుడు అస్త్రాలు అడిగాడు, ప్రయోగమూ, ఉపసంహారమూ అంటే వదిలినదాన్ని వెనక్కి తీసుకోవడమూ, రహస్యంతో సహా అడిగాడు. కర్ణుడు బ్రాహ్మణుణ్ణని అబద్ధమాడి నేర్చుకున్నాడు, అవసరమైన వేళ అస్త్రం గుర్తు రాదని శాపం తిన్నాడు. అలాంటి ముని ముందుకి మీ కుర్రాడు వెళ్ళి నిలబడితే మొదటి ప్రశ్న 'నువ్వెవరు?' అనే ఉంటుంది. వాడు ఏం చెబుతాడు? నిజం పూర్తిగా చెబుతాడా? ఒక చిన్న విషయం దాచనివ్వండి. షాపులో బాగుచేయడానికి ఇచ్చిన ఫోన్లో వాడు చూడకూడనిదేదో చూశాడు, అది దాస్తాడు. ఆ దాచినదాని ఖరీదు పది అధ్యాయాల తర్వాత కట్టాలి.

ఉపసంహారం మాట వచ్చింది కాబట్టి: మీ యుద్ధ సన్నివేశాల్లో అన్నీ వదలడమే ఉంది, వెనక్కి తీసుకోవడం లేదు. సౌప్తికపర్వంలో అశ్వత్థామ గడ్డిపోచని బ్రహ్మశిరోనామకాస్త్రంగా అభిమంత్రించాడు, అర్జునుడు అదే ఎదురు వేశాడు, ఋషులు మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామ చేత కాలేదు, దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్ళించాడు. ఇద్దరికీ ఆ అస్త్రం నేర్పినది ఒక్క గురువే. తేడా అంతా ఉపసంహారంలో ఉంది, దానికి కావలసిన బ్రహ్మచర్యంలో, నిగ్రహంలో ఉంది. రామాయణంలోనూ విశ్వామిత్రుడు రాముడికి అస్త్రాలిచ్చాక, ఉపసంహారాలు కూడా చెప్పమని రాముడే అడుగుతాడు. మీ కుర్రాడు ఆ అడగడం మరచిపోతే? రెండో భాగం మొత్తం దాని మీద నడపొచ్చు.

కాలాసురుడు నాకు నచ్చలేదు. ఎర్రకళ్ళు, నల్లపొగ, గట్టినవ్వు. మన అసురులు సోమరులు కారు. హిరణ్యకశిపుడు, రావణుడు అంతా ముందు తపస్వులు, ఆ తర్వాతే లోకకంటకులు. మీ ప్రతినాయకుడు బ్రహ్మముహూర్తంలో లేస్తాడు, ఉపవాసాలుంటాడు, మాట తప్పడు, కుర్రాడి కంటే శ్రద్ధ ఎక్కువ. పాఠకుడు వాణ్ణి కొంత గౌరవించాలి. వాడి వరం ఏమిటో ముందు రాసుకోండి, మాటకి మాట. హిరణ్యకశిపుడు పగలు, రాత్రి, ఇంటా, బయటా, నరుడు, మృగం అని అన్నీ మూసుకున్నాడనుకున్నాడు. సంధ్యవేళ, గడప, నరసింహం మిగిలిపోయాయి. వరంలో మిగిలిపోయిన సందు ఏమిటో మీకు తెలియకుండా ఎనిమిదో అధ్యాయం రాయకండి. తపస్సు బ్యాంకు ఖాతా లాంటిదనుకోండి, దాచుకున్నంతే ఖర్చుకి వస్తుంది. విశ్వామిత్రుడు త్రిశంకు కోసం కొంత, మేనక దగ్గర కొంత, రంభ మీద కోపంతో మరికొంత పోగొట్టుకుని ప్రతిసారీ మళ్ళీ మొదలుపెట్టాడు. కోపమొస్తే తపస్సు పోతుందన్న ఆ ఒక్క నియమం మీ ప్రతినాయకుడికి వర్తింపజేయండి. వాణ్ణి ఓడించడానికి ఆయుధం అక్కర్లేదు, కోపం తెప్పించగలిగినవాళ్ళు కావాలి. నానమ్మ నోరు ఇక్కడ పనికొస్తుంది.

అమృతం కోసం వెతుకుతున్నాడన్నారు, అయితే శ్రీకూర్మం ఎలా వదిలేశారు? అమృతం కోసం చిలికినప్పుడు మందరపర్వతాన్ని మోసినవాడు అక్కడ మూలవిరాట్టు. పైగా పాలసముద్రంలో అమృతం కంటే ముందు వచ్చింది హాలాహలం. దాన్ని ఎవరు మింగాలన్నది కాలాసురుడు ఆలోచించలేదు, మీరూ ఆలోచించలేదు. గుడి పడమటి ముఖం, రెండు ధ్వజస్తంభాలు, స్తంభాల నిండా శాసనాలు. శ్వేతచక్రవర్తి, రాణి విష్ణుప్రియ కథ కూడా చదవండి: ఏకాదశి వ్రతంలో ఉన్న రాణి దగ్గరికి రాజు వస్తే ఇద్దరి మధ్య నీటి ప్రవాహం పుట్టుకొచ్చింది, రాజు పరుగు తీశాడు, నారదుడు కూర్మమంత్రం ఉపదేశించాడు. ఇక్కడా నియమమే, చూశారా. 1281 నాటి శాసనంలో మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు కనబడతారు, సన్న్యాసి అయివుండి కళింగంలో పాలన బాధ్యత మోసినవాడు, శబరుల దాడుల నుంచి గుడిని కాపాడటానికి కత్తి పట్టినవాడు. కాషాయం కట్టి కత్తి పట్టిన మనిషి! ఊహించి రాసిన పాత్ర అని ఎవరూ అనలేరు.

ఆ శబరుల, అంటే మన సవరల, వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో శివుడు ముందు కనబడింది శబరులకే, ఇప్పచెట్టు మానులో ముఖంగా కనబడ్డాడు, మధూకం నుంచి వచ్చినవాడు కాబట్టి మధుకేశ్వరుడు. ఒక గుళ్ళో దాడి చేసినవాళ్ళుగా, ఇంకో గుళ్ళో దేవుణ్ణి మొదట చూసినవాళ్ళుగా నిలిచిపోయారు. మీ సవర తాత ఇప్పుడు సంచీ మోసి, దారి చూపించి, పాము కరిస్తే ఆకు నూరి మాయమైపోతున్నాడు. దయచేసి ఆయనకి సొంత పని ఒకటి ఇవ్వండి. కుర్రాడి దేవుడు తన తాతముత్తాతల చెట్టులోంచి వచ్చాడని ఆయనకి తెలుసు. సహాయం చేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయించుకోవాలి.

శాలిహుండం గురించి రెండు మాటలు. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధక్షేత్రం, కళింగపట్నం దగ్గర కొండ. అక్కడ తార, మారీచి విగ్రహాలు దొరికాయి. మారీచి ఉదయకాంతికి దేవత, పందులు లాగే రథం ఆమెది. అదే జిల్లాలో అరసవల్లి సూర్యుడికి ఏడు గుర్రాలు. ఇద్దరు వెలుగుదేవతలు ఒక్క జిల్లాలో ఉండగా కిరణాల చుట్టూ కథ రాస్తూ ఒకరినే పిలవడం ఏమిటి? టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లన్న ఉన్నాడు, నెత్తిన కప్పు వద్దన్న దేవుడు. ఆయన్ని కూడా ఎక్కడో ఒకచోట వాడుకోండి.

మా ఊరి వైపు రమ్మంటే సిరిమాను ఉంది. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి పండగ. ఏ చింతమాను కావాలో అమ్మ ముందుగా పూజారి కలలో చెబుతుంది. వెతుక్కుంటూ వెళితే ఆ చెట్టు ఉంటుంది, ఇంటివాళ్ళు కాదనరు. ఆ మాను చివర పూజారి కూర్చుంటే మూడులాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. అక్టోబర్ 1 తర్వాత మీ కథ మిగిలితే పండగ ఎలాగూ ఆ రోజుల్లోనే వస్తుంది. ఒక్క షరతు. అమ్మవారి చేత శత్రుసంహారం చేయించకండి. లక్షల మంది కొలిచే తల్లి, మీ ప్లాటు చిక్కుముడి విప్పడానికి దిగిరాదు. కలలో చెట్టు చూపించగలదు, అంతవరకే. ఆ చెట్టు కాలాసురుడి పెరట్లో ఉంటే?

తిడతారన్న భయం గురించి. నిజమైన బీజమంత్రాలు, న్యాసాలు (మంత్రం చెబుతూ ఒంటిమీద అంగాలు తాకే పద్ధతులు) పుస్తకంలో అచ్చువేయకండి. ఎవరో కుర్రాడు చూసి చేస్తాడు, అది మంచిది కాదు, కథకీ అక్కర్లేదు. పెదవి కదిలిందా, మాల ఎక్కడ దాకా వచ్చింది, గొంతు ఎండిపోయిందా, అది రాయండి. స్థలపురాణాన్ని మార్చకండి, దాని తర్వాత ఏం జరిగిందో ఊహించండి, అక్కడ మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. రెండో అధ్యాయంలో తిత్లీ తుపాను కాలాసురుడు పుట్టించాడని రాశారు. 2018 అక్టోబర్‌లో ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోయి జీవనాధారం కోల్పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ నష్టాన్ని మీ రాక్షసుడి ఖాతాలో వేయకండి. తుపాను కావాలంటే పేరు లేనిదొకటి పుట్టించుకోండి.

చివరగా భాష. మీ పుస్తకంలో పరశురాముడు, షాపు యజమాని, నానమ్మ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు. పరశురాముడికి గ్రాంథికం పెట్టినా కష్టం లేదు, తక్కువ మాట్లాడితే చాలు. నానమ్మది సిక్కోలు మాట, "ఎల్లొచ్చీసినావా", "ఏటైపోనాది" అని వదిలేయండి, ఎవరికైనా అర్థమవుతుంది. చెల్లెలు ఇంట్లో ఒకలా, కండక్టరుతో ఒకలా, ఒడిశాలో సైగలతో మాట్లాడుతుంది. ఆ రాక్షసుడి పేరు కూడా మార్చండి బాబూ, మూడో పుస్తకానికొక కాలాసురుడు తగులుతున్నాడు. తపస్సు చేసినవాడికి అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి ఉంటుంది కదా. అది, వాడి వరం మాటలు, జూన్ 23 నుంచి మొదటి పది రోజుల జపం రాసి ఇక్కడే పెట్టండి, తీరిక చూసుకుని చదువుతాను.